సరదాకి వంకలో బంగారం వెతుక్కోవచ్చా?

ప్రశ్న: మాది కర్నూలు జిల్లా తుగ్గలి మండలం. నేను హైదరాబాద్‌లో ఉద్యోగం చేస్తున్నాను. ఊళ్లో నాలుగెకరాల పట్టా మెట్ట ఉంది, దాన్ని ఆనుకుని వంక పారుతుంది. మెల్‌బోర్న్‌లో ఉన్న మా బావమరిది సెలవు రోజుల్లో డిటెక్టర్ పట్టుకుని బంగారం వెతుకుతుంటాడు. అక్కడ అందుకు పర్మిట్ ఇస్తారట. నేనూ ఆన్‌లైన్‌లో పాన్ (ఇసుక కడిగే పళ్లెం), చిన్న స్లూయిస్ బాక్స్ (నీళ్లు పారించి ఇసుక కడిగే పెట్టె), మెటల్ డిటెక్టర్ కొన్నాను. వంకలో ఇసుక, మా చేలో మట్టి కడిగి చూడొచ్చా? పర్మిట్ ఎక్కడ తీసుకోవాలి? దొరికితే ఎవరికి చెందుతుంది?

జవాబు: మీరు అడిగే పర్మిట్ మన దేశంలో ఏ ఆఫీసులోనూ ఇవ్వరు. సరదా అన్వేషణ అనే విభాగమే మన గనుల చట్టంలో లేదు.

బంగారం ప్రధాన ఖనిజం. దానికి 1957 నాటి గనులు, ఖనిజాల అభివృద్ధి, నియంత్రణ చట్టం వర్తిస్తుంది. లైసెన్సో లీజో లేకుండా ఎవరూ ఖనిజాన్ని అన్వేషించకూడదు, తీయకూడదు అంటుంది సెక్షన్ 4(1). నిక్షేపాన్ని వెతకడానికి, దాని జాడ తేల్చుకోవడానికి చేసే ఏ పనైనా అన్వేషణే. ఖనిజాన్ని రాబట్టుకోవడానికి చేసే ఏ పనైనా మైనింగే. చేతిలో ఉన్నది పళ్లెమా పొక్లెయినా, వచ్చింది గ్రామా టన్నా, అమ్మడానికా దాచుకోవడానికా అన్న తేడా ఈ నిర్వచనాల్లో లేదు. ‘నేను తవ్వడం లేదు కదా, వరద తెచ్చిపోసిన ఇసుకే కదా’ అనే వాదన కూడా నిలవదు. పొలాల మీద మేట వేసిన ఇసుక విషయంలో, భూమి పైన ఉన్నదాన్ని తీసినా మైనింగే అవుతుందని భగవాన్ దాస్ కేసులో 1976లోనే సుప్రీంకోర్టు చెప్పింది.

పోనీ లైసెన్సే తీసుకుందామంటే, 2023 సవరణ ఎక్స్‌ప్లొరేషన్ లైసెన్స్ అని కొత్తది తెచ్చింది. ఆ లైసెన్సు ఏ ఖనిజాలకు ఇస్తారో చెప్పే ఏడో షెడ్యూలులో బంగారం కూడా ఉంది. కానీ అది వేలంలో వచ్చేది, వెయ్యి చదరపు కిలోమీటర్ల దాకా ఇచ్చేది. కంపెనీల కోసం పెట్టిన దారి అది. భారత భూగర్భ సర్వే సంస్థ, రాష్ట్ర గనుల శాఖ లాంటి ప్రభుత్వ సంస్థలకు, కేంద్రం నోటిఫై చేసిన ప్రైవేటు ఏజెన్సీలకు లైసెన్సు అక్కర్లేదు. మీరు ఆ జాబితాలోకి రారు.

ఇక మీ పట్టా సంగతి. భూమి యజమానికే దాని అడుగున ఉన్న ఖనిజం మీదా హక్కు ఉంటుందని థ్రెస్సియామ్మ జాకబ్ కేసులో 2013లో సుప్రీంకోర్టు అన్నమాట నిజం. ఈ తీర్పును చూపించి ‘నా పొలం, నా బంగారం’ అనేవాళ్లు సగమే చదువుతారు. అది కేరళ మలబారులో ‘జన్మం’ అనే పూర్తి యాజమాన్య హక్కున్న భూముల కేసు, చట్టం ద్వారా ఆ హక్కు పోకుండా ఉంటేనే అన్న షరతు అందులోనే ఉంది. పైగా ఖనిజం ఎవరిదైనా తీయడానికి లీజు ఉండాల్సిందేనని 2019లో మేఘాలయ బొగ్గు కేసులో అదే కోర్టు తేల్చింది. మీ పాసు పుస్తకంతోపాటు ఆ భూమి మీకు ఎలా వచ్చిందో చూసుకోండి. డీకే పట్టా (ప్రభుత్వం ఇచ్చిన అసైన్డ్ భూమి) అయితే సాగుకిచ్చిన భూమిని వేరే పనికి వాడారని పట్టాకే ఎసరు రావచ్చు. జొన్నగిరి చుట్టుపక్కల బంగారానికి ఇప్పటికే మైనింగ్ లీజులు ఉన్నాయి కాబట్టి మీ సర్వే నంబరు ఏ లీజు హద్దులోనైనా పడుతోందేమో జిల్లా గనుల శాఖ ఆఫీసులో అడిగి తెలుసుకోండి.

వంక మీది కాదు, ప్రభుత్వ పోరంబోకు. అక్కడ ఇసుక తీయడానికి వాల్టా (నీరు, భూమి, చెట్ల పరిరక్షణ) చట్టం, చిన్న ఖనిజాల నిబంధనలు కూడా అడ్డం వస్తాయి. చాలామందికి తట్టే ఉపాయం, నాలుగు సంచుల ఇసుక ఇంటికి తెచ్చుకుని పెరట్లో కడుక్కోవడం. అది ఇంకా చెడ్డది. అనుమతి లేకుండా ఖనిజాన్ని తరలించడం, నిల్వ చేయడం సెక్షన్ 4(1ఎ) కింద విడి నేరం. వంకలో కడిగితే ఒక సెక్షనే, సంచి బండికెక్కిందంటే రెండు.

శిక్ష అయిదేళ్ల దాకా జైలు, హెక్టారుకు అయిదు లక్షల దాకా జరిమానా. పరికరాలు, వాహనం స్వాధీనం చేసుకోవచ్చు. పళ్లెంతో దొరికినవాడికి అయిదేళ్లు వేస్తారని నేను అనను. మామూలుగా సెక్షన్ 23ఎ కింద రాజీ రుసుము కట్టించుకుని వదిలేస్తారు. చిక్కు వేరే చోట ఉంది. గనుల చట్టం కింద అధీకృత అధికారి రాతపూర్వక ఫిర్యాదు ఇస్తేనే కోర్టు కేసు తీసుకుంటుంది. కానీ అదే ఘటన మీద పోలీసులు దొంగతనం కేసు విడిగా కట్టొచ్చని సంజయ్ కేసులో 2014లో, గనుల చట్టం కింద రాజీ అయినా ఆ దొంగతనం కేసు పోదని జయంత్ కేసులో 2020లో సుప్రీంకోర్టు చెప్పింది. వంక ప్రభుత్వానిది కాబట్టి దొంగతనం సెక్షన్ తగిలించడం తేలిక. ఇప్పుడది భారతీయ న్యాయ సంహిత 303, మూడేళ్ల దాకా జైలు. అయిదు వేల లోపు విలువైన సొత్తు తిరిగిచ్చేస్తే, మొదటిసారి నేరమైతే, సమాజ సేవతో సరిపెట్టే వీలుంది. కాకపోతే ఇవాళ్టి ధరకు గ్రాము బంగారమే ఆ గీత దాటిపోతుంది. ఎప్పుడైనా పట్టుబడితే పంచనామా నకలు అడిగి తీసుకోండి, ఖాళీ కాగితం మీద సంతకం పెట్టొద్దు, రాజీకి ఒప్పుకునే ముందు దొంగతనం ఎఫ్ఐఆర్ ఉందో లేదో కనుక్కోండి.

తొలకరికి మీ మండలంలోనే వందలమంది చేలల్లో వజ్రాలు వెతుకుతున్నారు కదా, వాళ్ల మీద కేసులేవని మీరు అడగొచ్చు. వజ్రానికీ ఇదే చట్టం. అధికారులు చూసీ చూడనట్టు పోతున్నారు, అంతే. అది హక్కు కాదు. వాళ్లకు లేని పరికరాలు మీ దగ్గర ఉన్నాయి, అవే మీ ఉద్దేశానికి సాక్ష్యం.

ముఖ్యంగా డిటెక్టర్. సీమ పల్లెల్లో రాత్రిపూట డిటెక్టర్‌తో కనిపిస్తే ఎవరైనా ముందు గుప్తనిధులవాడనే అనుకుంటారు. ఊరివాళ్లు కట్టేసి పోలీసులకు అప్పగించినా ఆశ్చర్యం లేదు. పాడుబడ్డ గుడి, కోట దరిదాపులకు దాన్ని తీసుకెళ్లొద్దు. రక్షిత కట్టడమైతే 1958 పురావస్తు చట్టం వర్తిస్తుంది. చేలో దాచిన నాణేలో నగలో బయటపడితే, విలువ పది రూపాయలు దాటినా చాలు, 1878 నాటి నిధుల చట్టం ప్రకారం ఏం దొరికింది, ఎంత, ఎక్కడ, ఏ రోజు అన్నది కలెక్టరుకు రాతపూర్వకంగా తెలపాలి. దాస్తే మీ వాటా పోతుంది, ఏడాది దాకా జైలు కూడా పడొచ్చు.

దున్నుతుండగా బంగారపు రాయి తగిలిందనుకోండి. దున్నడం ఖనిజం కోసం చేసిన పని కాదు కాబట్టి అది మైనింగ్ కాదని గట్టిగా వాదించవచ్చు. కానీ ఆ మర్నాడు అక్కడే గొయ్యి తీస్తే ఆ వాదన పోయినట్టే. రాయికి ఫొటో తీసి, సర్వే నంబరుతో జిల్లా గనుల శాఖకు అర్జీ పెట్టి, ముట్టినట్టు రసీదు తీసుకోండి. ఊళ్లో తిరిగే దళారీకి గుట్టుగా అమ్మితే, ఎక్కడిదని అడిగిన రోజు చూపించడానికి మీ చేతిలో కాగితం ఉండదు.

కొన్న పళ్లెం వృథా పోనక్కర్లేదు. బిల్లుతో కొన్న ఇసుక ఒక తొట్టిలో పోసి, అందులో లెక్కపెట్టిన పది సన్న సీసపు గుళ్లు కలిపి, నీళ్లలో కడగడం సాధన చేయండి. సీసం సాంద్రత నీటికి 11.3 రెట్లు, శుద్ధ బంగారానిది 19.3 రెట్లు. పదికి పది గుళ్లు పళ్లెంలో మిగులుతున్నాయంటే అదే సైజు బంగారమూ మిగులుతుంది. గుళ్లు పోతున్నాయంటే ముందు మట్టిగడ్డలు చేత్తో పూర్తిగా చిదపలేదని, లేదా పళ్లెం మరీ వంచుతున్నారని అర్థం. సీసం ముట్టుకున్నాక చేతులు కడుక్కోండి. ఇసుకలోంచి బంగారం పట్టడానికి కొందరు వాడే పాదరసం జోలికి అసలే పోవద్దు.

అసలు సరదా తీరాలంటే మీ బావమరిది దగ్గరికి వెళ్లినప్పుడే. మెల్‌బోర్న్ ఉన్న విక్టోరియా రాష్ట్రంలో ఈ పర్మిట్ పేరు మైనర్స్ రైట్ (Miner's Right), అది పదేళ్లు చెల్లుతుంది. దాంతో ప్రభుత్వ భూముల్లో చేతి పనిముట్లతో వెతుక్కోవచ్చు, ప్రైవేటు భూమిలో యజమాని అనుమతి ఉండాలి. నేషనల్ పార్కుల్లో చాలావాటిలో కుదరదు. తీసిన గుంటలు పూడ్చాలి. దొరికింది మీదే. కానీ తిరిగి వచ్చేటప్పుడు ఆ ముక్కలు నగలు కావు కాబట్టి నగలకిచ్చే బ్యాగేజీ మినహాయింపు వాటికి వర్తించదు. విమానాశ్రయంలో రెడ్ ఛానల్‌కి వెళ్లి ప్రకటించి, సుంకం కట్టి, ఆ రసీదు దాచుకోండి.