ఆ మూడు సీవీల్లో ఏదీ పంపకు

చి.ల.సౌ. మేనకోడలిని మీ అత్త దీవించి రాయునది.

మళ్లీ అకౌంట్స్ ఉద్యోగంలో చేరాలని నువ్వు వాట్సాప్‌లో పంపిన మూడు సీవీలూ ప్రింటు తీయించి చదివాను. నువ్వు చేసిన పనేమిటో నాకు తెలుసు కాబట్టి అర్థమయ్యాయి. ముక్కూమొహం తెలియని హెచ్ఆర్ వాళ్లకు అర్థం కావు. ఏళ్ల తరబడి ఆ కుర్చీలో కూర్చున్నదాన్ని, మొహమాటం లేకుండా చెప్తాను.

ముందు ఆ రంగుల సీవీ పక్కన పెట్టెయ్. నీలం పట్టీ, ఫొటో, టాలీ అనే అకౌంట్స్ సాఫ్ట్‌వేర్‌కి ఐదు చుక్కల్లో నాలుగు నింపడం! నాలుగు చుక్కలంటే ఎంత వచ్చినట్టే అమ్మాయ్? పైగా పెద్ద కంపెనీల్లో సీవీని మనిషికంటే ముందు సాఫ్ట్‌వేర్ చదువుతుంది. రెండు కాలమ్‌లు ఉంటే ఒక్కోసారి అడ్డంగా కలిపేసుకుంటుంది. కావాలంటే ఆ పీడీఎఫ్‌లో ఉన్నదంతా కాపీ చేసి నోట్‌ప్యాడ్‌లో పేస్ట్ చేసి చూడు. అక్కడ కలగాపులగంగా వస్తే వాళ్ల దగ్గరా దాదాపు అంతే.

రెండోది మీ ఫ్రెండ్ చెప్పిందని చేశావు చూడు, పైనుంచి కిందిదాకా నైపుణ్యాలే, ఎక్కడా సంవత్సరం లేదు. గ్యాప్ కనపడకూడదని కదూ? సీవీ చేతికి రాగానే మేం వెతికేది ఆ సంవత్సరాలే. అవి లేకపోతే ఏదో దాస్తున్నారని అనుకుని తర్వాతి సీవీ తీస్తాం. ఒకవేళ ఇంటర్వ్యూ దాటినా, వెరిఫికేషన్‌లో రిలీవింగ్ లెటర్ అడుగుతారు, పేస్లిప్పులు అడుగుతారు. పీఎఫ్‌లో నీకిచ్చిన యూఏఎన్ నంబరు కింద చేరిన తేదీ, మానేసిన తేదీ రెండూ ఉంటాయి. అందుకే ఒక్క నెల కూడా అటూ ఇటూ జరపకు. మిలిటరీ నుంచి బయటికొచ్చి వేరే రంగంలోకి వెళ్లేవాళ్లకు ఈ పద్ధతి కొంత నయం. వాళ్లు కూడా కింద తేదీలు రాయాల్సిందే.

మూడోది, కొత్త ఉద్యోగం నుంచి పాతదానికి వరసగా రాసింది, మీ తమ్ముడికైతే అచ్చంగా సరిపోతుంది. వాడు ఒక్క రోజు ఖాళీగా లేడు. నీ విషయంలో మాత్రం కంటికి మొదట తగిలేది 2019లో ఆగిపోయిన ఉద్యోగం.

అందుకని నీకు కలిపి రాసే పద్ధతి మంచిది. మొదటి పేజీ పైభాగంలో ఏం చేయగలవో ఐదారు లైన్లు, ఆ కింద ఉద్యోగాలు తేదీలతో సహా. కష్టమంతా ఆ పై లైన్లలోనే. ‘జీఎస్టీ పని తెలుసు’ అని ఒక్క ముక్క రాసి ఊరుకున్నావు. 2017 జూలైలో వ్యాట్ పోయి జీఎస్టీ వచ్చినప్పుడు నువ్వు ఆ మందుల డిస్ట్రిబ్యూటర్ దగ్గరే ఉన్నావు కదా! పాత పన్ను క్రెడిట్‌ను జీఎస్టీలోకి తెచ్చుకునే ట్రాన్-1 ఫారం వెయ్యాలని రాత్రి పొద్దుపోయేదాకా ఆఫీసులో కూర్చుంటున్నావని మీ అమ్మ నాకు ఫోన్ చేసి మరీ తిట్టింది. అది సీవీలో ఏదీ? ఇలా రాయి: ‘మందుల డిస్ట్రిబ్యూషన్ సంస్థలో వ్యాట్ నుంచి జీఎస్టీకి మార్పు, ట్రాన్-1 దాఖలు, నెలనెలా జీఎస్టీఆర్-1, 3బీ రిటర్నులు, సప్లయర్ల బిల్లులను 2ఏ స్టేట్‌మెంటుతో సరిచూడటం.’ అకౌంట్స్ మేనేజర్ ఎవరైనా ఇది చదివాక ఫోన్ చెయ్యకుండా ఉండడు.

మీ బావగారి మెడికల్ షాపు రిటర్నులు ఇప్పటికీ నువ్వే వేస్తున్నావు. ఇంట్లో పనే కదా అని వదిలేశావు. దాన్ని తేదీల వరసలోనే పెట్టు: ‘2019 నుంచి: పిల్లల కోసం విరామం, ఈ కాలంలో కుటుంబ మెడికల్ షాపు జీఎస్టీ రిటర్నులు.’ ఒక్క లైను చాలు, సంజాయిషీ అక్కర్లేదు. జీతం ఇచ్చారా అని అడిగితే లేదనే చెప్పు.

ఇంకొకటి. టాలీ ఈఆర్‌పీ 9 అని ఉంది. 2020లోనే టాలీ ప్రైమ్ వచ్చింది. పాత పేరు ఒక్కటే చూస్తే అప్పటినుంచి కంప్యూటర్ ముట్టలేదనుకుంటారు. ముందు ప్రైమ్‌లో చెయ్యి తిప్పుకో, తర్వాతే రాయి. చాలాచోట్ల ఇంటర్వ్యూలోనే కూర్చోబెట్టి నాలుగు వోచర్లు ఎంటర్ చెయ్యమంటారు.

చివర్లో తండ్రి పేరు, మతం, పెళ్లయిందా లేదా, ‘పై వివరాలన్నీ నిజమని ప్రమాణం చేస్తున్నాను’, స్థలం, సంతకం... ఇవన్నీ బయోడేటా కాలం నాటివి, కొట్టెయ్. మీ ఆయన జర్మనీ మాట ఎత్తుతున్నాడట, అక్కడ ఫొటో పెట్టడం ఇంకా మామూలే. అమెరికాకైతే ఫొటో, వయసు రెండూ పెట్టరు. అప్పటి సంగతి అప్పుడు చూద్దాం.

నౌక్రీ ఉద్యోగాల సైటులో నీ ప్రొఫైల్లో కూడా ఇవే మాటలు పెట్టు. రిక్రూటర్లు అక్కడ మాటలు కొట్టి వెతుకుతారు. సీవీలో ఒకటి, అక్కడ ఒకటి ఉంటే దొరకవు. ఫైలు పేరు ‘న్యూ ఫైనల్ 3’ తీసేసి నీ పేరు, పక్కన అకౌంట్స్ అని ఉంచు. రెండు పేజీలు దాటనివ్వకు.

ఆదివారం లోపల వర్డ్ ఫైలు పంపు. పీడీఎఫ్ వద్దు, నేను దిద్దాలి. పిల్లలకు ముద్దులు.

ఇట్లు,
మీ అత్త