సిగరెట్ మానేసి రెండు రోజులైంది, తల పగిలిపోతోంది, ఇంట్లో అందరి మీదా అరుస్తున్నా. ఎలా తట్టుకోవాలి?

రేపు ఇంకాస్త ఘోరంగా ఉండొచ్చు. బెదిరించడానికి చెప్పడం లేదు. ఈ సంగతి ముందే తెలిసుంటే నేను మొదటిసారి మూడో రోజే పాన్ డబ్బాకి పరిగెత్తేవాణ్ణి కాదు. చిరాకు, తలనొప్పి, నిద్ర పట్టకపోవడం రెండు మూడు రోజులకు బాగా ముదిరి, తర్వాత 2 నుంచి 4 వారాల్లో మెల్లగా తగ్గుతాయి.

నేను 14 ఏళ్లు రోజుకు పన్నెండు దాకా కాల్చాను. ఆఫీసు మాదాపూర్‌లో. కింద పాన్ డబ్బా, పక్కనే ఇరానీ కేఫ్. ఒక చేతిలోకి చాయ్ రాగానే రెండో చెయ్యి దానంతటదే జేబులోకి పోయేది. మానేశాక ఆ వెలితి పూడ్చుకోవడానికి చాయ్ పెంచాను. ఇక గుండె దడ, రాత్రి రెండింటి దాకా మెలకువ. సిగరెట్ లేకనే ఇదంతా అనుకున్నా. అసలు సంగతి డాక్టర్ చెప్పారు: పొగ తాగేవాళ్ల ఒంట్లో చాయ్‌లో ఉండే కెఫీన్ త్వరగా కరిగిపోతుందట, మానేస్తే ఎక్కువసేపు ఉండిపోతుందట. ఆరు చాయ్‌లను మూడుకు దించి, సాయంత్రం ఐదు దాటితే బంద్ పెట్టాను. దడ పోయింది.

సిగరెట్ మీద లాగుడు తగ్గించే నికోటిన్ గమ్ 2 మిల్లీగ్రాములది మెడికల్ షాపులో దొరుకుతుంది. నేను బబుల్‌గమ్‌లా టకటకా నమిలేసి వెక్కిళ్లతో చచ్చాను. అలా కాదు. నాలుగైదుసార్లు నమిలి, ఘాటు తగలగానే చెంపకీ చిగురుకీ మధ్య పెట్టి వదిలేయాలి. ఘాటు తగ్గాక మళ్లీ. చాయ్ తాగాక పావుగంట ఆగి వేసుకోండి, లేకపోతే సరిగా ఒంటికి పట్టదు. గుండె జబ్బు ఉంటే మాత్రం డాక్టర్ని అడక్కుండా వద్దు.

ఎవరూ చెప్పని ఇంకో బాధ, మలబద్ధకం. పొద్దున దమ్ము లేనిదే కడుపు కదలదు. జామకాయలు, గోరువెచ్చని నీళ్లతో నాకు పది రోజులు పట్టింది.

తాగాలని మనసు లాగితే అది కొన్ని నిమిషాల పోరే. నేను ఫోన్ పట్టుకుని మెట్లెక్కేవాణ్ణి. మరీ తట్టుకోలేకపోతే సిగరెట్ పెట్టె మీదుండే, మానేవాళ్లకి సాయం చేసే హెల్ప్‌లైన్ 1800-11-2356కి కాల్ చేయండి, డబ్బులు పడవు.

ఈ వారం నా మాట దురుసుగా ఉంటుందని ఇంట్లో ముందే చెప్పేయండి. నేను చెప్పలేదు. మూడో రోజు ఉప్మాలో ఉప్పు తక్కువైందని మా ఆవిడ మీద గట్టిగా అరిచాను. ఆవిడ ఒక్క మాట కూడా అనకుండా ఉప్పు డబ్బా తెచ్చి నా పళ్లెం పక్కన పెట్టి, బ్యాగు తగిలించుకుని ఆఫీసుకి వెళ్లిపోయింది.