జీనత్ అమన్ మీద వ్యాసం రాస్తున్న అమ్మాయికి

అమ్మాయ్,

నీ వ్యాసం అందింది. ఫోన్లో చదవడం నా వల్ల కాదు కాబట్టి మావాడి చేత ప్రింటు తీయించుకుని ఒకసారి కాఫీతో, ఇంకోసారి పెన్సిలుతో చదివాను. మొదటి పేజీలోనే అందం అనే మాట ఏడుసార్లు వచ్చింది, లెక్కపెట్టాను. అందాల తార, అందచందాలు, అందానికి చిరునామా, ఇంకా ఏవో. డెబ్బైల నాటి హిందీ హీరోయిన్ జీనత్ అమన్ అందగత్తె అని చెప్పడానికి నువ్వెందుకమ్మా, ఎలాగూ పక్కన ఫొటో వేస్తారుగా.

తిడుతున్నాననుకోకు. ఇదే తప్పు నేను నీకంటే ఘోరంగా చేశాను. ముప్పై ఏళ్ల కిందట ఒక వారపత్రికకి ఒక హీరోయిన్ మీద రెండు పేజీలు రాయాల్సి వచ్చింది. పాత కటింగులు ముందేసుకుని దీంట్లోంచి ఓ ముక్క, దాంట్లోంచి ఓ ముక్క ఏరి అతికించాను. సినిమాలు మాత్రం ఒక్కటంటే ఒక్కటి మళ్లీ చూడలేదు. తీరా ఆవిడ అద్భుతంగా చేసిందని నేను రాసిన పాత్ర ఆవిడది కాదు, అదే సినిమాలో రెండో హీరోయిన్‌ది. వారం తిరగకుండా ఒక పాఠకుడు పోస్టుకార్డు రాశాడు, "అయ్యా, తమరు సినిమా చూశారా, పోస్టరు చూశారా?" అని. ఆ కార్డు ఇప్పటికీ నా నిఘంటువులో ఉంది, ఏదైనా మాట కోసం తెరిచినప్పుడల్లా జారి ఒళ్లో పడుతుంది.

అందుకని నువ్వు కూడా ముందు సినిమాలు చూడు, అన్నీ కాకపోయినా ఓ ఐదారు.

సరే, నీ మొదలు సంగతి. 1951 నవంబరు 19న బొంబాయిలో జన్మించింది అని మొదలుపెట్టావు. ఆధార్ కార్డు అలాగే మొదలవుతుంది. దానికంటే పెద్ద విషయం నీ కళ్ల ముందే ఉంది, ఆవిడ పేరులో. వాళ్ల నాన్న అమానుల్లా ఖాన్ సినిమా రచయిత, 1960లో వచ్చిన మొఘల్-ఎ-ఆజమ్‌కి రాసిన నలుగురిలో ఒకడు. అమన్ అనేది ఆయన కలం పేరు. అంటే మనమంతా గ్లామర్ గ్లామర్ అంటూ వల్లించే ఆ రెండు ముక్కల పేరులో సగం ఒక రచయిత సంతకం. ఆవిడకి పదమూడేళ్లప్పుడు ఆయన పోయాడు. తల్లి తర్వాత ఒక జర్మన్‌ని పెళ్లి చేసుకుంది, అమ్మాయి అమెరికా వెళ్లి లాస్ ఏంజిలస్‌లో చదువుకుంది, తిరిగొచ్చి ఫెమినా పత్రికలో పనిచేసింది. కెమెరా ముందుకు రాకముందు ఆవిడ పత్రికకి రాసే మనిషి, మన జాతే! నువ్వు ఇదంతా "చదువు పూర్తి చేసుకుని మోడలింగ్ రంగంలో ప్రవేశించి" అని ఒక్క ముక్కలో తేల్చేశావు. సినిమా హీరోయిన్ గురించి రాస్తున్నాం కాబట్టి ఆవిడకి చదువూ రాతా ఏముంటాయిలే అన్న చులకన మనకి తెలియకుండానే వాక్యంలోకి వచ్చేస్తుంది, నేనూ దాన్ని తప్పించుకోలేదు.

తర్వాత, "రాత్రికి రాత్రే స్టార్ అయిపోయింది" అన్నావు. ఈ మాట ఎక్కడ కనబడినా కొట్టెయ్. తాజ్‌మహల్ టీ ప్రకటన దగ్గర్నుంచి 1970లో మిస్ ఆసియా పసిఫిక్ గెలిచేదాకా (ఆ కిరీటం ఒక భారతీయురాలికి రావడం అదే మొదలు) ఆవిడ చేసింది జీతం రాళ్ల పనే. సినిమాల్లోకి వచ్చాక కూడా మొదట్లో చేసిన హల్‌చల్ ఆవిడకి పెద్దగా కలిసిరాలేదు. ఇక లాభం లేదని తల్లితో, మారుతండ్రితో కలిసి మాల్టా వెళ్లిపోవడానికి పెట్టెలు సర్దుకుంది. అప్పుడు హీరో, దర్శకుడు దేవ్ ఆనంద్ ఆపాడు. హరే రామ హరే కృష్ణలో చెల్లెలి పాత్ర, హీరోయిన్ పాత్ర కాదు. హీరోకి చెల్లెలంటే అప్పట్లో ఏ హీరోయినూ ముట్టుకోదు, ఒకసారి చెల్లెలైతే ఇక ఆ హీరో పక్కన పాటలుండవని భయం. పోగొట్టుకోవడానికి ఏమీ లేదు కాబట్టి ఆవిడ ఒప్పుకుంది. 1971లో సినిమా వచ్చింది, ఫిలింఫేర్ వాళ్లు సహాయ నటి అవార్డిచ్చారు, మాల్టా పెట్టెలు విప్పేశారు. ఆ సర్దిన పెట్టెల మీద ఒక పేరా రాయి. ఆవిడ జీవితంలో అంతకంటే మంచి పేరా నీకు దొరకదేమో.

ఇప్పుడు నేను అసలు చెప్పాలనుకున్నది. నీ వ్యాసం నిండా "మోడల్ అయినప్పటికీ చక్కగా నటించింది" అనే ధోరణి ఉంది. ఆ అయినప్పటికీ దగ్గర నా పెన్సిలు ఆగిపోయింది. మోడలింగ్ ఒక పని, అమ్మాయ్. వడ్రంగం ఎలా పనో అలా. వెలుతురు ఎటు నుంచి పడుతోందో మెడ తిప్పకుండా తెలియాలి, పది గంటలు నిలబడ్డా నిలబడినట్టు కనబడకూడదు, చేతిలో ఏ వస్తువు పెట్టినా అది పుట్టినప్పటి నుంచీ ఆ చేతిలోనే ఉన్నట్టుండాలి. ఇది మనసులో పెట్టుకుని ఆవిడ పాటలు చూడు. హరే రామ హరే కృష్ణలోని దమ్ మారో దమ్ పాటలో గుండ్రటి కళ్లద్దాలు, మెడలో దండ, చేతిలో చిలుం. యాదోం కీ బారాత్ (1973)లో చురా లియా పాట మొదలవుతుంటే గాజు గ్లాసు మీద చెంచా తగిలినట్టు ఆ చప్పుడు, ఒళ్లో గిటారు. మామూలు హీరోయిన్ చేతికి గిటారిస్తే గిటారు పట్టుకున్న హీరోయిన్ కనబడుతుంది. ఈవిడ పట్టుకుంటే గిటారు సంగతే మనకి పట్టదు, ఆ అమ్మాయి రోజూ సాయంత్రం అలాగే పాడుకుంటుందేమో అనిపిస్తుంది. టీ కప్పు పట్టుకోవడం నేర్చుకున్న చెయ్యి అది. నా అభిప్రాయం తప్పు కావచ్చు, నువ్వు చూసి చెప్పు. కానీ ఇలాంటిదొకటి నీ అంతట నువ్వు కనిపెట్టాలి, కటింగుల్లో దొరకదు.

అలాగని అన్నిట్లోనూ గొప్పగా చేసిందని పొగడకు. డైలాగు చెప్పేటప్పుడు ఆవిడ గొంతు చాలాచోట్ల తేలిపోతుంది, ఏడుపు సీన్లు నన్నెప్పుడూ కదిలించలేదు. అది కూడా రాయి. అభిమానం ఉన్నచోట ఒక్క చురక ఉంటే మిగతా పొగడ్త నమ్ముతారు.

సత్యం శివం సుందరం (1978) దగ్గర నువ్వు ఆవిడ దుస్తుల మీద రేగిన గొడవ ఒక్కటే రాశావు. ఆ సినిమాలో ఆ పాత్ర ఎలా వచ్చిందో ఆవిడే చెప్పింది, వెతికితే దొరుకుతుంది. ఆ సినిమా తీసిన రాజ్‌కపూర్‌తో వేరే సినిమా చేస్తున్న రోజులవి. ఖాళీ దొరికితే చాలు ఆయన ఈ కథే చెప్పేవాడట, ఒక ముఖం కాలిన అమ్మాయి, ఆమె గొంతుని ప్రేమించిన ఒక మగాడు. ఎన్నిసార్లు చెప్పినా నువ్వు చేస్తావా అని మాత్రం అడగలేదు. ఆయన కళ్లకి ఈవిడ మరీ మోడ్రన్. ఒక సాయంత్రం షూటింగ్ త్వరగా అయిపోతే, ఈవిడ గాగ్రా చోళీ కట్టుకుని, జడ వేసుకుని, టిష్యూ కాగితం నలిపి జిగురుతో చెంప మీద అంటించుకుని, కాలిన మచ్చలా తయారై ఆయన గుమ్మం ముందు నిలబడింది. రూప వచ్చిందని చెప్పమని లోపలికి కబురంపింది. రూప అంటే ఆ పాత్ర పేరు. ఆయన చూసి, భార్యని పిలిచి, గుప్పెడు బంగారు నాణేలు అడ్వాన్సుగా చేతిలో పోయించాడు.

ఒక్క నిమిషం ఆగి ఆలోచించు. ముఖం అమ్ముకుని బతికే మనిషి, ఆ ముఖంలో సగాన్ని తనే చెడగొట్టుకుని పని అడగడానికి వెళ్లింది. నలిపిన టిష్యూ కాగితం, కాస్త జిగురు. జీనత్ అమన్ ఎవరో చెప్పడానికి నీకు ఇంతకంటే ఏం కావాలి? దుస్తుల గొడవ ఒక వాక్యంలో చెప్పి ముందుకెళ్లు.

ఇంకోటి, ఇది కాస్త కష్టమైంది. 1980లో ఇన్సాఫ్ కా తరాజూ వచ్చింది, బి.ఆర్. చోప్రా తీసింది. మనవాళ్లకి బాపు గారి ఏది ధర్మం ఏది న్యాయం (1982) అంటే తెలుస్తుంది, అదే కథ. అందులో జీనత్ వేసిన పాత్ర కూడా మోడలే, అందాల పోటీ గెలిచిన అమ్మాయి. ఆమె మీద అత్యాచారం జరుగుతుంది, కోర్టుకెక్కుతుంది, అక్కడ అవతలి లాయరు ఆమె వృత్తినే సాక్ష్యంగా తిప్పుతాడు. ఇలాంటి బట్టలు వేసుకునే అమ్మాయి, ఇలా నవ్వే అమ్మాయి, ఇంతమంది చూడాలని కోరుకునే అమ్మాయి అంటూ. నీ నాలుగో పేజీలో పెళ్లిళ్లూ, ప్రేమలూ, దెబ్బలూ వరుసగా పేర్చి "ఇవన్నీ ఆమె ఎంచుకున్న దారికి మూల్యమేమో" అని రాశావు చూడు, అది ఆ లాయరు మాట. నువ్వు కావాలని రాయలేదని నాకు తెలుసు, అలవాటుగా వచ్చేసిన వాక్యం అది. సినిమా పత్రికల్లో ఆ వాక్యం యాభై ఏళ్లుగా తిరుగుతోంది.

ఆ నాలుగో పేజీ మొత్తం తీసెయ్. మరి వ్యక్తిగత జీవితం రాయొద్దా మాస్టారూ అంటావు. రాయి, కానీ ఆవిడ చెప్పుకున్నంత మేరకే. 2023 ఫిబ్రవరిలో ఇన్‌స్టాగ్రామ్‌లోకి వచ్చిన దగ్గర్నుంచి డెబ్బై దాటిన ఆ మనిషి తన కథ తనే రాసుకుంటోంది, రచయిత కూతురు కదా, మనకంటే నీటుగా రాస్తోంది. ఆ రోజుల్లో సెట్లో తరచూ తానొక్కతే ఆడమనిషినని రాసింది. అందరికంటే ఎక్కువ పారితోషికం తీసుకునే నటి అని పేరు పడ్డప్పుడు కూడా పక్కనున్న హీరోకి ఇచ్చేదానితో పోలిస్తే అది నవ్వొచ్చేంత తక్కువని రాసింది. గంట ఆలస్యంగా వచ్చినందుకు ఖుర్బానీ సినిమా తీస్తున్న రోజుల్లో దర్శకుడు ఫిరోజ్ ఖాన్ పారితోషికంలో కోత పెట్టిన సంగతి కూడా సరదాగా చెప్పుకుంది. ఎన్నో ఏళ్ల కిందటి గాయం వల్ల వాలిపోయిన కంటిరెప్పకి ఆపరేషన్ చేయించుకున్నానని కూడా దాచకుండా చెప్పింది. ఆ గాయం ఎలా అయిందో ఊహించి రాయడం నీ పని కాదు.

అలాగని ఆవిడ రాసిందే దించేయకు. అది ఆవిడ వ్యాసం అవుతుంది, నీది కాదు. ఆవిడ చెప్పింది ఒక పక్కన పెట్టుకో, సినిమాలో నీ కంటికి కనబడింది ఇంకో పక్కన పెట్టుకో. రెండూ కలవనిచోట నీ వ్యాసం ఉంటుంది.

మన పాఠకులకి దగ్గర చేయడానికి ఒక దారి చెప్తాను, నచ్చితే వాడుకో. డాన్ (1978) తెలుగులో ఎన్టీఆర్‌తో యుగంధర్ అయింది, జీనత్ వేసిన పాత్ర జయసుధ చేసింది. యాదోం కీ బారాత్ కూడా ఎన్టీఆర్‌తోనే అన్నదమ్ముల అనుబంధం అయింది. డాన్, యుగంధర్ రెండూ ఒకే ఆదివారం వెనకా ముందూ చూడు. ఒకే కథ, ఒకే పాత్ర, ఒకరు మోడలింగ్ నుంచి వచ్చినావిడ, ఒకరు చిన్న వయసులోనే తెలుగు సినిమాల్లోకి వచ్చినావిడ. ఎవరు మేలు అని తీర్పు చెప్పకు, ఎవరు ఎలా నడిచారో, తుపాకీ ఎలా పట్టుకున్నారో చూసి రాయి. రిమోట్ పక్కన నోటుబుక్కు పెట్టుకో.

భాష గురించి ఎక్కువ చెప్పను, నీ తెలుగు బాగుంది. వెండితెర, అరంగేట్రం, ప్రస్థానం అనే మూడు మాటలు మాత్రం ఈసారికి నా కోసం మానెయ్. అడుగుపెట్టింది కూడా మూడుచోట్ల ఉంది, ఆవిడ మరీ అన్నిసార్లు అడుగులు పెట్టలేదు.

కొత్తది రాశాక తొందరపడి ఎక్కడికీ పంపకు. ముందు నాకు పంపు, ఈసారి పోస్టులో. మావాడు ప్రింటుకి పేజీకి ఐదు రూపాయలు అడుగుతున్నాడు. పక్కన మార్జిన్ కాస్త ఎక్కువ వదులు, పెన్సిలుకి చోటు చాలడం లేదు.

మీ అమ్మగారిని అడిగానని చెప్పు.

మీ మాస్టారు