అమెరికాలో పెరగనివాళ్లు ‘యూ డోంట్ నో జాక్’ ఆడి ఆనందించగలరా?

అడిగినవారి సందేహం ఇది: ఈ వారాంతంలో స్నేహితుల ఇంట్లో విందు ఉంది, అక్కడ అందరూ కలిసి ‘యూ డోంట్ నో జాక్’ అనే హాస్యపు క్విజ్ ఆట ఆడబోతున్నారు, తాము ఇండియా నుంచి వచ్చి ఎంతో కాలం కాలేదు కనుక జోకులు అర్థంకాక మూల కూర్చోవలసివస్తుందేమోనని బెంగ. ఆ బెంగ పెట్టుకోకండి. ఈ ఆటకు అమెరికా టీవీ కార్యక్రమాలన్నీ కంఠస్థం అయి ఉండాలన్నది ఆడనివాళ్లు పుట్టించిన మాట. ప్రశ్న దేన్ని గురించి మాట్లాడుతోందో, చివరికి దేన్ని అడుగుతోందో విడదీసి వినగలిగితే చాలు. ఈ మాట నేను కళ్లారా చూసి చెబుతున్నాను.

1999 వేసవిలో మేము షికాగో శివార్లలోని షాంబర్గ్‌లో ఒక అపార్ట్‌మెంట్‌లో ఉండేవాళ్లం. వైటూకే, అంటే 2000 సంవత్సరం తేదీలకు కంప్యూటర్లను సరిచేసే పనుల మీద వచ్చినవాళ్లమే అందరమూ. ఒక సహోద్యోగి ఇచ్చిన కంప్యూటర్ సీడీతో ఈ ఆట మూడో వాల్యూమ్ మా ఇంట్లో అడుగుపెట్టింది. ఒకే కీబోర్డు ముందు ముగ్గురు భుజాలు రాసుకుంటూ కూర్చోవాలి: ఒకరికి క్యూ, ఒకరికి బి, ఒకరికి పి. ఎవరు ముందు నొక్కితే జవాబు చెప్పే హక్కు వారిది. ఎదుటివాడికి జవాబు తెలియదని గట్టి నమ్మకం ఉంటే ఎస్ నొక్కి ఆ ప్రశ్నను అతని నెత్తిన రుద్దవచ్చు. అతను తప్పు చెబితే నొక్కినవాడికి లాభం, ఒప్పు చెబితే నొక్కినవాడి ఉత్తుత్తి ఆట డబ్బే పోతుంది. దీన్ని ఆట ఆడేవాళ్లు స్క్రూ అంటారు.

మా రూమ్మేట్ వాళ్ల అక్కాబావలు ఆ వేసవిలో చూడడానికి వచ్చారు. బావగారు తెనాలిలో జూనియర్ కాలేజీలో ఇంగ్లిష్ చెప్పేవారు. అమెరికా టీవీలో వాతావరణ వార్తలు తప్ప మరేదీ చూసినవారు కారు. ఒక రాత్రి భోజనాలయ్యాక ఆయనను కూడా పి కీ ముందు కూర్చోబెట్టాం. నాలుగైదు ప్రశ్నల వరకు ఆయన వేలు కీ మీద పెట్టుకుని, కళ్లజోడు నుదుటి మీదకు తోసుకుని, ఊరికే వింటూ ఉన్నారు. అప్పుడొక ప్రశ్న వచ్చింది. దాని నిండా ఒక టీవీ హాస్య ధారావాహికలోని పాత్రలే. ఎవరు ఎవరిని పెళ్లాడారు, ఎవరి తండ్రి ఎలా పోయాడు అని గబగబా ఏదో కథ. మావాడు వెంటనే ఎస్ నొక్కి, పి ఎంచుకుని, “బావా, ఇది మాత్రం మీకు రాదులెండి” అన్నాడు. తెర మీద గడియారం దిగిపోతోంది. బావగారు తొందరపడకుండా నాలుగు జవాబులూ పైనుంచి కిందికి చదివి, మూడోది నొక్కారు. అది ఒప్పు. “ప్రశ్న పూర్తిగా విన్నావటరా? వేషం టీవీ వాళ్లదేరా, కథ మాత్రం డెన్మార్క్ యువరాజుది” అన్నారు. ముప్పై ఏళ్లుగా హామ్లెట్ పాఠం చెప్పిన మనిషికి ఆ కథ ఏ వేషంలో వచ్చినా ఆనవాలు పట్టడం కష్టమా?

నాకు ఇప్పటికీ గుర్తున్నది ఆ తరువాతి క్షణం. ఆటలోని వ్యాఖ్యాత కుకీ మాస్టర్సన్ బావగారిని మెచ్చుకోవడం మాని, ఇరికించబోయి ఇరుక్కున్న మావాడి మీద పడ్డాడు. బావగారు ఉలిక్కిపడి వెనక్కి తిరిగి, “వీడు మనల్ని చూస్తున్నాడటయ్యా?” అని నన్ను అడిగారు. ఆ ఆట గొప్పతనమంతా ఆ ఒక్క ప్రశ్నలో ఉంది.

ఆ ఆట తయారైంది కూడా మా షికాగోలోనే. హ్యారీ గాట్లీబ్ స్థాపించిన జెల్లీవిజన్ సంస్థ, తెర మీద రెక్కల టోస్టర్లను ఎగరేసే స్క్రీన్‌సేవర్‌తో పేరు తెచ్చుకున్న బర్క్‌లీ సిస్టమ్స్‌తో కలిసి 1995లో మొదటి వాల్యూమ్ విడుదల చేసింది. బొమ్మలు దాదాపు లేవు. చాలావరకు నల్లటి తెర, దాని మీద అక్షరాలు, వాటి వెనుక ఒక మనిషి గొంతు. కుకీ గొంతు టామ్ గాట్లీబ్‌ది. మీరు ఆలస్యం చేస్తే ఒక మాట, తప్పు చెబితే ఆ తప్పుకే ప్రత్యేకంగా రాసిన మరో మాట, పక్కవాడిని ఇరికించబోతే ఇంకో మాట. జవాబు టైప్ చేయవలసిన చోట బూతు టైప్ చేసినవాడి మీద వ్యాఖ్యాత మండిపడి డబ్బు కోసేయడం అభిమానులు ఇప్పటికీ కథలుగా చెప్పుకుంటారు. హ్యారీ గాట్లీబ్ ఈ పద్ధతినంతా జాక్ ప్రిన్సిపుల్స్ అనే పేరుతో రాసి పెట్టారు: వేగం పడిపోకూడదు, యంత్రం తనను గమనిస్తోందన్న భ్రమ ఆటగాడిలో కలగాలి, ఒకసారి కలిగిన ఆ భ్రమ చెదరకూడదు. షాంబర్గ్‌లో బావగారు వెనక్కి తిరిగి చూసింది ఆ సూత్రం పనిచేయడం వల్లనే.

ఆ సూత్రం ఎంత ముఖ్యమో తెలియాలంటే 2001 సంగతి చూడండి. ఏబీసీ చానెల్ ఈ ఆటను పాల్ రూబెన్స్ వ్యాఖ్యాతగా టీవీ కార్యక్రమం చేసింది; అది కొద్ది వారాలకే ఆగిపోయింది. కారణం నాకు స్పష్టంగానే కనిపిస్తుంది: టీవీలో వ్యాఖ్యాత ఎవరితోనో మాట్లాడతాడు, మనం పక్కన కూర్చుని చూస్తాం. మనల్ని ఆటపట్టించని జాక్, జాక్ కాదు.

ఈనాటి ఫోన్ క్విజ్ యాప్‌లు నాకు సహించనిది కూడా అందుకే. నాలుగు జవాబులు, ఒక పచ్చ గీత, ఒక ఎర్ర గీత, నాణేలు రాలిన చప్పుడు, వెంటనే ఒక ప్రకటన. రాజధానుల పేర్లు, నదుల పొడవులు అడిగి దానికి విజ్ఞానమని పేరు పెడతారు. ప్రశ్న రాయడం ఒక కళ అన్న స్పృహ వాటిని తయారుచేసేవాళ్లలో ఎక్కడా కనపడదు.

మనవాళ్లకు ఈ కళ కొత్తది కాదు. అష్టావధానంలో అప్రస్తుత ప్రసంగి చేసేది ఇదే కదా! సమస్యాపూరణంలోనో దత్తపదిలోనో మనసు లగ్నం చేసిన అవధానిని సంబంధం లేని కొంటె ప్రశ్నతో కదిలించి, ఏకాగ్రత చెదరగొట్టాలని చూస్తాడు. అవధాని నవ్విస్తూ జవాబు చెప్పి మళ్లీ పద్యంలోకి వెళ్లాలి. ఆ సభల్లో పెరిగిన భాషలో ఇలాంటి ఆట ఇంతవరకు రాకపోవడం నాకు నిజంగా బాధ కలిగిస్తుంది. జర్మన్లు ఇంగ్లిష్ ప్రశ్నలను అనువదించి సరిపెట్టుకోకుండా తమ వ్యాఖ్యాతను, తమ హాస్యాన్ని పెట్టుకుని వాల్యూములు తెచ్చుకున్నారు. పోతన భాగవతాన్ని, పాత సినిమా డైలాగులను, ఆవకాయ కొలతలను ఒకే ప్రశ్నలో ఇమడ్చగల రచయితలు మనకు లేరా? ఉన్నారు, వాళ్లను అడిగినవాళ్లు లేరు.

మీ విందు సంగతికి వస్తే, మీ స్నేహితుల దగ్గర ఉన్నది 2018లో వచ్చిన జాక్‌బాక్స్ అయిదో పార్టీ ప్యాక్ (కొన్ని ఆటలు కలిపిన కట్ట) అయితే అందులో ఈ ఆట పేరు ఫుల్ స్ట్రీమ్. కీబోర్డు కోసం తోసుకోనక్కరలేదు, ఎనిమిదిమంది వరకు ఎవరి ఫోన్‌తో వారు ఆడవచ్చు. అందరూ తల వంచుకుని ఎవరి తెర వారు చూసుకోవడం వల్ల పాత సందడి కొంత తగ్గిందన్న మాట నిజమే, కనుక చదవడం టీవీ తెర మీదే చదవండి, ఫోన్‌ను వేలికి మాత్రమే వదలండి. డిస్ ఆర్ డాట్ అనే రకం ప్రశ్న వస్తే భయపడకండి. ఒక్కొక్క పేరూ రెండు వర్గాల్లో దేనికి చెందుతుందో చెప్పడమే, తెలియకపోయినా చెవికి తట్టినదాన్ని నొక్కుతూ పొండి, ఆగితే కాలం పోతుంది. చివరి రౌండైన జాక్ అటాక్‌లో మాత్రం నిగ్రహం కావాలి, అక్కడ తప్పుకు డబ్బు పోతుంది, పైన ఇచ్చిన సూచనకు సరిపడే జంట కనపడేదాకా వేలు కదపకూడదు. పాత వాల్యూముల్లోని గిబరిష్ ప్రశ్న ఒక్కటే మనవాళ్లకు నిజంగా కష్టం. అర్థంలేని మాటల లయను బట్టి అమెరికన్లకు చిన్నప్పటినుంచి తెలిసిన నానుడిని పట్టుకోవాలి, దాన్ని వాళ్లకే వదిలేయండి. ఆ పాత వాల్యూములు ఎక్కడైనా దొరికితే, ఆట ముగిసి మార్కులు కనపడగానే కట్టేయకండి. ఆ తరువాత వచ్చే ఉత్తుత్తి రేడియో ప్రకటనలు ఆటకంటే బాగుంటాయని వాదించే అభిమానులున్నారు, ఆ వాదనలో నేను వాళ్ల పక్షం.