తలసీమియా మైనర్ అని తేలాక కూడా ఐరన్ మాత్రలు వాడాలా?

అక్కర్లేదు, ఫెరిటిన్ (ఒంట్లో ఐరన్ నిల్వ ఎంతుందో చెప్పే రక్తపరీక్ష) తక్కువుంటే తప్ప. తలసీమియా అంటే హిమోగ్లోబిన్ సరిగ్గా తయారుకాని జన్యులోపం, మైనర్ అంటే ఆ లోపాన్ని మోస్తున్న క్యారియర్ మాత్రమే. మీకు మళ్లీ ఐరనే రాశారంటే నాకేం ఆశ్చర్యం లేదు. మా అక్క కాలేజీ రోజుల నుంచీ అవే మింగింది.

దాని హిమోగ్లోబిన్ ఎప్పుడు చూసినా పదికీ పదకొండుకీ మధ్యే. మాత్ర వేసుకున్నా అంతే, మానేసినా అంతే. చూసిన డాక్టరల్లా కంపెనీ మార్చి రాసేవారు. ఇంటికొచ్చిన వాళ్లేమో "సరిగ్గా తినదు" అని తేల్చేసేవారు. అది మా అందరికంటే శుభ్రంగా తినేది!

చివరికి ఒక పెద్దావిడ, రక్తవ్యాధుల డాక్టరు, పాత రిపోర్టు తీసుకుని ఎంసీవీ (ఎర్రకణాల సగటు సైజు) 62 కింద ఒక గీత, ఆర్‌బీసీ (ఎర్రకణాల సంఖ్య) 5.8 కింద ఇంకో గీత గీశారు. మొదటి అంకెని రెండోదానితో కాగితం అంచునే భాగించారు. పదకొండు లోపే వచ్చింది. "పదమూడు దాటకపోతే నా అనుమానం ముందు తలసీమియా మీదకే పోతుంది. ఐరన్ చాలకపోతే కణాలూ తగ్గాలి కదమ్మా, నీకు ఎక్కువే ఉన్నాయి" అన్నారు. హెచ్‌పీఎల్‌సీ (హిమోగ్లోబిన్ రకాలను విడదీసి చూపే పరీక్ష) చేయిస్తే అందులో ఒక రకం, హిమోగ్లోబిన్ ఏ2, ఐదు శాతం దాటింది. 3.5 దాటితేనే బీటా క్యారియర్, అంటే బీటా తలసీమియా మైనర్, అంటారు. ఫెరిటిన్ నిక్షేపంగా ఉంది.

నా కడుపుమంట ఏంటంటే, ఆ రెండు అంకెలూ మొదటి రిపోర్టు నుంచీ ఉన్నాయి. హిమోగ్లోబిన్ పక్కన చుక్క కనపడగానే కింది వరుసలు ఎవరూ చదవరు.

సరే, మాత్రల గొడవ చిన్నది. మీ జీవిత భాగస్వామికి పరీక్ష అయిందా? మా బావ "మా వైపు ఎవరికీ లేదు" అని నెలల తరబడి వాయిదా వేశాడు. క్యారియర్‌కి పైకి ఏమీ తెలియదు, మరి లేదని ఎలా తెలుస్తుంది? ఇద్దరూ బీటా క్యారియర్లయితే బిడ్డకి తలసీమియా మేజర్, అంటే తీవ్రమైన రకం, వచ్చే అవకాశం నాలుగో వంతు. మొదటి బిడ్డకి వచ్చింది కదా, ఇక రాదులే అనుకోవడానికి లేదు, ప్రతి కాన్పుకీ లెక్క మళ్లీ మొదటికే. మేజర్ అయితే రెండు నుంచి నాలుగు వారాలకోసారి రక్తం ఎక్కించాలి. ఒక్కో సంచితో 200 మిల్లీగ్రాములకు పైగా ఐరన్ ఒంట్లో చేరుతుంది. దాన్ని బయటికి పంపే దారి శరీరానికి లేదు, గుండెలో, కాలేయంలో పేరుకుంటుంది. అది తీయడానికి మళ్లీ రోజూ మందులు. మూలుగ మార్పిడితో నయం చేయొచ్చు గానీ సరిపోయే దాత దొరకాలి.

బావకి లేదని వచ్చింది లెండి. మీ ఫెరిటిన్ ఎంతో ప్రశ్నలో రాయలేదు, ముందు అది చూపించుకోండి. సరిపడా ఉంటే మాత్ర ఎందుకు రాశారో ఆ డాక్టర్నే అడగండి.