రెండు భాషలు వస్తే వైద్య దుబాసీ కావచ్చా?

తెలుగు, ఇంగ్లీషు బాగా వస్తే అమెరికా ఆసుపత్రుల్లో దుబాసీగా, అంటే రోగి మాటలు వైద్యుడికి, వైద్యుడి మాటలు రోగికి అనువదించి చెప్పే వ్యక్తిగా, చేరవచ్చా, వేరే శిక్షణ ఎందుకు అని అడిగారు. భాషలు రావడం అర్హతలో మొదటి మెట్టు మాత్రమే.

అక్కడ సీసీహెచ్ఐ, ఎన్‌బీసీఎంఐ అనే రెండు సంస్థలు జాతీయ స్థాయి ధ్రువపత్రాలు ఇస్తాయి. 18 ఏళ్లు, హైస్కూలు చదువు, భాషా ప్రావీణ్యానికి రుజువు, కనీసం 40 గంటల శిక్షణ ఉండాలి. తెలుగుకు ప్రత్యేక మౌఖిక పరీక్ష లేదు కాబట్టి సీసీహెచ్ఐ వారి కోర్‌సీహెచ్ఐ పరీక్ష రాయవచ్చు. అది పూర్తిగా ఇంగ్లీషులోనే ఉంటుంది.

అవయవాలు, జబ్బుల పేర్లు కష్టపడితే వచ్చేస్తాయి. అసలు కష్టం ప్రవర్తనలో ఉంది. రోగి "నాకు ఊపిరాడటం లేదు" అంటే దుబాసీ కూడా "నాకు" అనే చెప్పాలి, "ఆయనకు" అనకూడదు. రోగి తిట్టినా, పొంతన లేకుండా మాట్లాడినా ఉన్నదున్నట్టు చేరవేయాలి. సర్దిచెప్పే అలవాటున్న మనకు ఇది మింగుడుపడదు! మాట అర్థం కాకపోతే ఊహించకుండా, స్పష్టత కోరుతున్నది దుబాసీయేనని రోగికి, వైద్యుడికి ఇద్దరికీ చెప్పి అడగాలి. విన్న వివరాలు గది దాటకూడదు.

నా దృష్టిలో 40 గంటలు చాలా తక్కువ. మందుల మోతాదులు, తేదీలు, అంకెలు విని, గుర్తులతో రాసుకుని తిరిగి చెప్పడం విడిగా సాధన చేయండి. ఎక్కువగా తడబడేది అక్కడే. చికిత్సకు ముందు రోగి సంతకం చేసే అంగీకార పత్రాన్ని ఇంగ్లీషులో చూస్తూ తెలుగులో చదివి వినిపించడం కూడా అభ్యసించండి.