మటిల్డాకు కిరీటం ఎందుకు దక్కలేదు?

ప్రశ్న: ఇంగ్లండ్ రాజు మొదటి హెన్రీ తన కూతురు మటిల్డాను వారసురాలిగా ప్రకటించి, సామంతుల చేత ప్రమాణం కూడా చేయించాడని చదివాను. అయినా ఆమెకు పట్టాభిషేకం జరగలేదు. పొగరు వల్లే కిరీటం పోగొట్టుకుందంటారు. నిజమేనా సార్?
– ఒక పాఠకురాలు

జవాబు: కాదమ్మా. కాలేజీ రోజుల్లో నేనూ ఆ మాట నమ్మాను. తర్వాత ఒకసారి నోట్‌బుక్‌లో తేదీలు వరసగా రాసుకున్నాక అభిప్రాయం మార్చుకున్నాను.

1120 నవంబర్ 25న వైట్ షిప్ అనే ఓడ ఫ్రాన్స్ ఉత్తర తీరంలోని నార్మండీలో బార్‌ఫ్లర్ రేవు దాటగానే రాతికి గుద్దుకుని మునిగింది. హెన్రీ కొడుకు విలియం అందులోనే పోయాడు. 17 ఏళ్లు. 1127 జనవరిలో సామంతులు మటిల్డాకు ప్రమాణం చేశారు. హెన్రీ మేనల్లుడు స్టీఫెన్ కూడా చేశాడు.

1135 డిసెంబర్ 1న హెన్రీ నార్మండీలో చనిపోయేనాటికి మటిల్డా కూడా ఇంగ్లండ్‌లో లేదు, సముద్రానికి అవతలే రెండో భర్త దగ్గర ఉంది. మూడో కాన్పుకు గర్భవతి. కోటల విషయంలో తండ్రితో గొడవ నడుస్తోంది. స్టీఫెన్ ఫ్రాన్స్ తీరంలోని బులోన్ నుంచి పడవెక్కి నేరుగా లండన్ చేరాడు. వించెస్టర్‌లో బిషప్‌గా ఉన్న సొంత తమ్ముడి సాయంతో ఖజానా చేతికొచ్చింది. డిసెంబర్ 22న పట్టాభిషేకం అయిపోయింది. మొత్తం 21 రోజులు!

అసలు కీలకం ఇదే. ఆ రోజుల్లో పవిత్ర తైలంతో అభిషేకం జరిగిందంటే దాన్ని చెరపడం ఎవరి తరమూ కాదు. 1141 ఫిబ్రవరి 2న లింకన్ యుద్ధంలో స్టీఫెన్ పట్టుబడ్డాడు. బ్రిస్టల్‌లో ఖైదీగా ఉన్నాడు. అప్పుడు కూడా రాజు అతనే. గెలిచిన మటిల్డాకు దక్కిన బిరుదు ‘ఇంగ్లిష్ వారి దొరసాని’ మాత్రమే.

పట్టాభిషేకం కోసం జూన్‌లో ఆమె వెస్ట్‌మినిస్టర్ వచ్చింది. లండన్ వాళ్లను పెద్ద మొత్తంలో డబ్బు అడిగింది. స్టీఫెన్ భార్య (ఆవిడ పేరూ మటిల్డాయే) అప్పటికే సైన్యంతో నది అవతలికి వచ్చి భయపెడుతోంది. 24న నగరంలో గంటలు మోగాయి, జనం ఆయుధాలతో ఎగబడ్డారు. భోజనానికి కూర్చోబోతున్న మటిల్డా గుర్రమెక్కి పారిపోవాల్సి వచ్చింది.

ఆమె పొగరు గురించి అందరికన్నా ఘాటుగా రాసింది స్టీఫెన్ పక్షం చరిత్రకారుడే. కోపం, మొండితనం ఆమెకు ఉండే ఉంటాయి. కానీ సొంత మనవరాళ్ల కళ్లు పీకుతుంటే హెన్రీ అడ్డుచెప్పలేదని ఆ కాలపు చరిత్రకారుడు ఆర్డరిక్ రాశాడు. అంతటి మనిషిని చరిత్ర గట్టి పాలకుడంది. కూతురు డబ్బు అడిగితే పొగరంది. ఈ తేడా నన్ను ఇప్పటికీ బాధపెడుతుంది.

1142 చలికాలంలో, అప్పటికి ఖైదు నుంచి విడుదలైన స్టీఫెన్ ఆక్స్‌ఫర్డ్ కోటను ముట్టడించినప్పుడు, అందులో చిక్కుకున్న ఆమె మంచులో కనిపించకుండా తెల్లబట్టలు కప్పుకుని, గడ్డకట్టిన నదిమీదుగా నడిచి తప్పించుకుంది. పొగరు గురించి చెప్పేవాళ్లు ఈ రాత్రి గురించి కూడా చెప్పాలి.

చివరికి 1153 ఒప్పందంలో స్టీఫెన్ ఆమె కొడుకునే వారసుడిగా ఒప్పుకున్నాడు. 1154 డిసెంబర్ 19న అతను రెండో హెన్రీగా గద్దెనెక్కాడు. మటిల్డా 1167 దాకా బతికి కొడుకు పాలన చూసింది. ఆమె మొదటి భర్త జర్మన్ చక్రవర్తి కావడంతో ఎంప్రెస్ అన్న బిరుదు ఆమెకు జీవితాంతం నిలిచింది. అందుకే ఆ కొడుకును జనం ‘ఫిట్జ్ ఎంప్రెస్’ అన్నారు, అంటే సామ్రాజ్ఞి కొడుకు అని.